కాకిని కూడా రాయాలి

గోడ మీద తిరిగే బల్లి, కిటికీ అంచున వాలే పావురం, కుండీలో మొక్క ఆకును కొరికే పురుగు. వీటిని చూసి ఊరుకోకుండా రాసిపెట్టడం కొన్నేళ్లుగా నా దినచర్యలో భాగమైపోయింది. నేను జీవశాస్త్రం చదువుకోలేదు. చేసే ఉద్యోగానికీ దీనికీ సంబంధమే లేదు. అయినా నేను రాసిన వివరాలు ఇప్పుడు శాస్త్రవేత్తలు వాడుకునే సమాచార భాండాగారాల్లో ఉన్నాయి. అక్కడిదాకా ఎలా చేరానో, ఏది ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక మాట. అరుదైన పక్షి కనిపిస్తే ఎవరైనా రాస్తారు. రోజూ కనిపించే కాకిని రాసేవాళ్లే తక్కువ. నా దృష్టిలో ఆ కాకి వివరమే ఎక్కువ విలువైనది.

మొదట నా దగ్గరున్నవి జేబులో పట్టే నోటుపుస్తకం, ఒక పెన్సిలు. పెన్సిలే ఎందుకంటే కాగితం తడిసినా రాసింది అలుక్కుపోదు. బైనాక్యులర్స్ చాలా తర్వాత వచ్చాయి. ఆ పుస్తకంలో రాసే ప్రతిదానికీ నాలుగు సంగతులు ఉండి తీరాలని మొదట్లోనే నియమం పెట్టుకున్నాను. ఏ జీవి, ఏ చోట, ఏ తేదీన ఏ సమయంలో, చూసింది ఎవరు. వీటిలో ఒక్కటి లోపించినా అది జ్ఞాపకంగా మిగులుతుంది కానీ నమోదు అనిపించుకోదు. “చెరువు దగ్గర కొంగలు కనిపించాయి” అని రాసుకుంటే ఆ రోజుకు బాగానే ఉంటుంది. ఏ చెరువో, ఏ నెలో తెలియకపోతే పదేళ్ల తర్వాత దానితో ఎవరికీ పని ఉండదు. ఈ నాలుగింటికీ తోడుగా ఐదోది నేనే కలుపుకున్నాను. ఆ జీవి ఏం చేస్తోంది? పుల్ల మోస్తోందా, పిల్లకు మేత పెడుతోందా, మరో పిట్టను తరుముతోందా? పుల్ల నోట కరుచుకుని వెళ్తున్న కాకిని చూసినట్టు రాస్తే, ఆ చోట గూడు కట్టే కాలం మొదలైందని కూడా రాసినట్టే.

పేరు తర్వాత, వర్ణన ముందు. నాకు బాగా అక్కరకొచ్చిన అలవాటు ఇది. కొత్త పిట్ట కనబడగానే బొమ్మల పుస్తకం తెరిస్తే ఈలోపు అది ఎగిరిపోతుంది. పైగా బొమ్మలో ఉన్నదాన్నే కళ్లారా చూసినట్టు మనసు నమ్మేస్తుంది. అందుకే ముందు కంటికి కనిపించింది కనిపించినట్టు రాస్తాను. ముక్కు తల పొడవులో సగం ఉందా, సమానంగా ఉందా? కంటి మీదుగా గీత ఉందా? తోక చివర చీలి ఉందా? కాళ్లది ఏ రంగు? నేల మీద నడిచిందా, గెంతిందా? సాయంత్రం వేళ ఆకాశంలో గిరగిరా తిరుగుతూ పురుగులను పట్టే చిన్న పిట్టలను చూడండి. కింది నుంచి అన్నీ ఒకే రకంగా కనిపిస్తాయి. వాటిలో కొన్ని కరెంటు తీగల మీద వరుసగా వాలతాయి. కొన్ని ఎంతసేపు చూసినా వాలవు. వాలేవి స్వాలోలు, వాలనివి స్విఫ్టులు. స్విఫ్టుల కాళ్లు తీగను పట్టుకుని కూర్చోవడానికి పనికిరావు, నిలువు గోడనో గూటి అంచునో గోళ్లతో పట్టుకుని వేలాడటానికే పనికొస్తాయి. నేను వాటిని వేరుచేసి చెప్పగలిగింది ఫోటోతో కాదు. “తీగ మీద వాలింది” అని ఆ సాయంత్రం రాసుకున్న ఒక్క ముక్కతో.

నోటుపుస్తకాలు ఒకటొకటిగా నిండాయి. వాటిలో ఉన్నది నాకు తప్ప మరెవరికీ అందదన్న వెలితి మాత్రం ఉండేది. ఈబర్డ్ గురించి తెలిశాక ఆ వెలితి తీరింది. 2002లో కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, నేషనల్ ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టిన ఆన్‌లైన్ వ్యవస్థ అది. ప్రపంచంలో ఎక్కడ ఏ పక్షిని చూసినా అందులో ఎక్కించవచ్చు. అయితే పక్షి పేరు ఒక్కటి చెబితే సరిపోదు. ఎప్పుడు మొదలుపెట్టాం, ఎంతసేపు చూశాం, ఎంత దూరం నడిచాం, ఎంతమందిమి ఉన్నాం అన్నవి కూడా చెప్పాలి. ఒకే చోట నిలబడి చూస్తే ఒక రకం జాబితా, నడుస్తూ చూస్తే మరో రకం. జాబితా ముగించే ముందు ఒక ప్రశ్న ఎదురవుతుంది. మీరు గుర్తుపట్టిన పక్షులన్నిటినీ ఇందులో రాశారా, అని.

ఆ ప్రశ్న నా చూపునే మార్చింది. అవును అని నొక్కాలంటే కాకినీ, పావురాన్నీ, గోరింకనూ వదలకుండా రాయాలి. పూర్తి జాబితాలో పిచ్చుక పేరు లేదంటే, ఆ పావుగంటలో ఆ చోట పిచ్చుక నాకు కనిపించలేదు, వినిపించలేదు అని అర్థం. లేకపోవడం కూడా అక్కడ సమాచారమే. నచ్చినవాటిని మాత్రమే ఏరి రాసిన జాబితాలో పిచ్చుక లేకపోతే దానికి ఏ అర్థమూ లేదు. నిజంగా లేదో, ఉన్నా రాయలేదో ఎవరు చెప్పగలరు? పూర్తి జాబితాలు వేలకొద్దీ పోగైనప్పుడు నూటికి ఎన్నింటిలో పిచ్చుక ఉందో లెక్క కడతారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ శాతం పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదాన్ని బట్టి ఆ పక్షి బాగోగులు తెలుస్తాయి.

పిచ్చుక పేరే ఎత్తడానికి కారణం ఉంది. పిచ్చుకలు అంతరించిపోతున్నాయన్న మాట చాలాకాలంగా వింటూనే ఉన్నాం. 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదిక 15,500 మంది పక్షి వీక్షకులు ఈబర్డ్‌లో ఎక్కించిన కోటికి పైగా వివరాలను పరిశీలించింది. పెద్ద నగరాల్లో పిచ్చుక తగ్గిన మాట నిజమే కానీ, దేశం మొత్తం మీద పాతికేళ్లుగా దాని సంఖ్య దాదాపు నిలకడగానే ఉందని తేల్చింది. పిచ్చుకను చూసి “ఇది రాయడం దేనికి” అనుకోకుండా రాసిన వేలమంది వల్లే ఆ సంగతి బయటపడింది. వాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు. ఆ నివేదిక చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

లెక్కపెట్టడం వేరే విద్య. ఐదారు పక్షులుంటే సమస్యే లేదు. సాయంత్రం గోరింకలు రాత్రి బసకు ఒక చెట్టు మీదకు చేరే వేళ చూడాలి. నాలుగు దిక్కుల నుంచీ గుంపులు వచ్చి పడుతుంటాయి, చెట్టంతా అరుపులు, కొమ్మల మీద చోటు కోసం పెనుగులాట. చెట్టు మీద ఉన్నవాటిని లెక్కపెట్టబోతే ఎంతకీ తెగదు. అనుభవమున్న ఒక పక్షి వీక్షకుడు నాకు చెప్పిన కిటుకు ఇది: చెట్టును చూడొద్దు, చెట్టుకు వచ్చే దారులను చూడు. ఒక్కో దిక్కు నుంచి వచ్చే గుంపును గాలిలో ఉండగానే లెక్కించాలి. గుంపు పెద్దదైతే పది పక్షులను కచ్చితంగా లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో చూసుకుని, మిగతా గుంపులో అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో అంచనా కట్టాలి. ఐదేసి నిమిషాలకు ఒకసారి పుస్తకంలో అంకె వేసుకుంటాను. సంఖ్య వేయకుండా ఉన్నాయని మాత్రమే గుర్తు పెట్టే వెసులుబాటు ఈబర్డ్‌లో ఉంది. నేను దాన్ని వాడను. అంచనాగా వేసిన అంకె కూడా ఒట్టి గుర్తు కంటే ఎన్నో రెట్లు నయం.

ఒక సాయంత్రం నేను వేసిన గోరింకల సంఖ్య ఆ ప్రాంతానికి, ఆ నెలకు పెట్టిన పరిమితిని దాటింది. ఈబర్డ్‌లో ప్రతి ప్రాంతానికీ ఇలాంటి పరిమితులు ఉంటాయి. దాటితే ఆ నమోదు స్వచ్ఛందంగా పనిచేసే పరిశీలకుల ముందుకు వెళ్తుంది. ఎలా లెక్కపెట్టారో కాస్త వివరించగలరా అని మర్యాదగా ఒక లేఖ వచ్చింది. దిక్కుల వారీగా, ఐదేసి నిమిషాల వారీగా రాసుకున్న అంకెలను పంపాను. ఆమోదించారు. ఇలాంటి ప్రశ్న వస్తే కొందరు నొచ్చుకుంటారు, తమ మాట నమ్మలేదని బాధపడతారు. నాకైతే ధైర్యం వచ్చింది. నా వివరాన్ని ఇంత శ్రద్ధగా చూసేవాళ్లు ఉన్నారంటే, పక్కవాళ్లు ఎక్కించిన వాటిని కూడా నేను నమ్మవచ్చు కదా.

పక్షుల తర్వాత నన్ను పట్టుకున్నవి పురుగులు. వీటికి ఐనాచురలిస్ట్ అనే యాప్ వాడతాను. 2008లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ముగ్గురు విద్యార్థుల చదువు ముగింపు ప్రాజెక్టుగా పుట్టి, 2023 నుంచి స్వతంత్ర లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తోంది. మొక్క, పుట్టగొడుగు, సాలీడు, పాము, ఏ జీవినైనా అందులో పెట్టవచ్చు. ఫోటో గానీ శబ్దం గానీ ఆధారంగా ఉండాలి. పాదముద్ర, రాలిన ఈక, పాము కుబుసం, రెట్ట కూడా ఆధారాలే. తేదీ, చోటు ఉండి, అది పెంచిన మొక్కో పెంపుడు జంతువో కాకుండా ఉండి, గుర్తించినవారిలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది ఒకే జాతి పేరు మీద ఏకీభవిస్తే దానికి రీసెర్చ్ గ్రేడ్, అంటే పరిశోధనకు పనికొచ్చే స్థాయి, వస్తుంది. ఆ స్థాయికి చేరినవాటిలో తగిన లైసెన్సు ఉన్నవి జీబిఫ్ అనే అంతర్జాతీయ భాండాగారానికి వెళ్తాయి. 2001లో ఏర్పడిన ఆ భాండాగారంలో నమోదులు 2022 నాటికే 200 కోట్లు దాటాయి.

ఫోటో అందంగా రావడం వేరు, పోలికకు పనికిరావడం వేరు. నేను పురుగును కనీసం మూడు వైపుల నుంచి తీస్తాను: పై నుంచి, పక్క నుంచి, ముఖం వైపు నుంచి. మొక్క అయితే మొత్తం మొక్క, ఆకు పైభాగం, ఆకు అడుగు, పువ్వు పక్క నుంచి, కాయ ఉంటే కాయ. ఆకు అడుగును తీసేవాళ్లు చాలా తక్కువ. నూగు ఉందా లేదా, ఈనెలు ఎలా సాగాయి అన్నవి అక్కడే బాగా తెలుస్తాయి. పుట్టగొడుగుకైతే గొడుగు కింది భాగం లేని ఫోటో దాదాపు వృథా. ఇంకొక సంగతి. కెమెరా గడియారం తప్పు తేదీ చూపిస్తుంటే తీసిన ఫోటోలన్నిటికీ ఆ తప్పు తేదీయే అంటుకుంటుంది. బయటికి వెళ్లే ముందు దాన్ని ఒకసారి చూసుకోవడం మంచిది.

పోల్చే పనిలో నాకు మరపురానిది ఒక సీతాకోకచిలుక. నారింజ రంగు రెక్కలు, ముందు రెక్కల చివర నల్లగా, ఆ నలుపులో అడ్డంగా తెల్లని పట్టీ. జిల్లేడు మొక్కల దగ్గర తిరిగే ప్లెయిన్ టైగర్ అచ్చం ఇలాగే ఉంటుంది. దాని గొంగళి పురుగులు జిల్లేడు జాతి మొక్కలను తిని అందులోని విషాన్ని ఒంట్లో నింపుకుంటాయి. అందుకే పెద్దయ్యాక ఆ సీతాకోకచిలుకను పక్షులు ముట్టవు. అయితే ఏ విషమూ లేకుండానే దాని వేషం వేసుకుని బతికే మరొకటి ఉంది. డనైడ్ ఎగ్‌ఫ్లై ఆడది. నేను తీసింది ఈ రెండింటిలో ఏదో తెలియక, రెండూ చేరే కుటుంబం పేరు, నిమ్ఫాలిడే, అని మాత్రం పెట్టి ఎక్కించాను. తెలిసినంత వరకే పేరు పెట్టడం, తెలియని చోట ఆగడం అక్కడి మంచి సంప్రదాయం.

మర్నాటికల్లా మరో దేశం నుంచి ఎవరో రాశారు. “వెనుక రెక్క పైభాగాన్ని చూడండి. నల్ల చుక్కలు ఎన్ని ఉన్నాయి?” ఫోటోను పెద్దది చేసి చూశాను. పై అంచుకు దగ్గరగా ఒకటే చుక్క, కాస్త పెద్దది. ప్లెయిన్ టైగర్‌కు వెనుక రెక్క నడుమ మూడో నాలుగో చుక్కలుంటాయట. మరో ఇద్దరు కూడా డనైడ్ ఎగ్‌ఫ్లై అనే తేల్చారు. నాకు అక్కడితో తనివి తీరలేదు. జిల్లేడు పొదల దగ్గరికి వెళ్లి, నిజమైన ప్లెయిన్ టైగర్ రెక్కలు విప్పేదాకా వేచి ఉండి చుక్కలు లెక్కపెట్టాను. మగవాటికి నాలుగు, ఆడవాటికి మూడు. ఆ పొదకు కాస్త అవతల రెక్క మీద తెల్లని మచ్చ, మచ్చ చుట్టూ ఊదా మెరుపు ఉన్న నల్లని సీతాకోకచిలుక ఒకటి కూర్చుని ఉంది. డనైడ్ ఎగ్‌ఫ్లై మగది అదే. ఆడదానికీ దానికీ పోలికే లేదు. ఈ సంగతి పుస్తకంలో చదివితే ఒక వాక్యం. నేలమీద కూర్చుని చుక్కలు లెక్కపెట్టినవాళ్లకు మాత్రం అది ఇక మరుపుకు రాదు.

ఇలాంటి వేషగాళ్లు చాలానే ఉంటాయి. ఒక చెట్టు కొమ్మ మీద ఎర్రచీమల బారును చూస్తుంటే, బారుకు కాస్త ఎడంగా ఒక చీమ ఒంటరిగా తిరుగుతోంది. మీసాలు అటూ ఇటూ ఆడిస్తోంది. నడకలో ఏదో తేడా కనిపించి దగ్గరగా వంగాను. నా నీడ పడగానే అది ఆకు అంచు నుంచి దూకి, సన్నని దారానికి వేలాడింది. చీమలు దారం వదలవు. కాళ్లు లెక్కపెట్టాను. ఎనిమిది. మీసాలనుకున్నవి ముందు కాళ్ల జత, ఎత్తి పట్టుకుని ఆడిస్తోంది. మిగిలిన ఆరింటి మీద చీమలా నడుస్తోంది. ముఖం వైపు నుంచి తీసిన ఫోటోలో ముందున్న రెండు పెద్ద కళ్లు స్పష్టంగా వచ్చాయి. దూకే సాలీళ్ల గుర్తు అవి. మిర్మరాక్నే అనే ప్రజాతికి (దగ్గరి జాతుల సమూహానికి), దాని దగ్గరి ప్రజాతులకు చెందిన ఇలాంటి సాలీళ్లు చాలా చోట్ల ఉన్నాయి. మనం చీమలే అనుకుని దాటిపోతుంటాం. నేనూ ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లి ఉంటాను. చీమల బారును రాద్దామని నిలబడ్డాను కాబట్టి సాలీడు దొరికింది.

ఫోటో పెట్టగానే యాప్ తనంతట తానే పేర్లు సూచిస్తుంది. బాగా ఫోటోలు ఉన్న జాతులకు అది చాలావరకు సరిగ్గానే చెబుతుంది. పురుగుల దగ్గర మాత్రం నేను నెమ్మదిస్తాను. ఫోటోలు ఎక్కువగా లేని జాతిని చూపిస్తే, దానికి దగ్గర పోలికున్న, ఫోటోలు ఎక్కువగా ఉన్న జాతి పేరు చెప్పే అవకాశం ఉంటుంది. సూచనను ఒప్పుకునే ముందు ఆ జాతి ఏ ప్రాంతాల్లో ఉంటుందో పటం చూడటం, దానికి దగ్గరి పోలికలున్నవి ఏవో చదవడం, రెండింటినీ వేరుచేసే గుర్తు నా ఫోటోలో కనిపిస్తోందో లేదో వెతకడం, ఈ మూడూ చేస్తాను. గుర్తు కనిపించకపోతే ప్రజాతి దగ్గరే ఆపేస్తాను.

చెవితో దొరికేవి కంటికి దొరికేవాటికంటే తక్కువేమీ కాదు. కప్పలూ కీచురాళ్లూ రాత్రిపూట కనిపించవు, వినిపిస్తాయి. చాలా కప్పలను రంగు చూసి గుర్తుపట్టడం కంటే అరుపు విని గుర్తుపట్టడం తేలిక. ఫోనును అరుపు వచ్చే వైపు తిప్పి, కదలకుండా పట్టుకుని అర నిమిషం రికార్డు చేస్తే చాలు. చివర్లో తేదీ, సమయం, చోటు నా గొంతుతోనే చెబుతాను. దస్త్రం పేరు ఎవరైనా మార్చినా ఆ మాటలు చెరగవు. ఏటా కోయిల మొదటిసారి కూసిన తేదీని, తొలివానల తర్వాత తడి నేల మీద ఆరుద్ర పురుగు మొదటిసారి కనిపించిన తేదీని విడిగా ఒక పేజీలో రాస్తాను. ఎర్రటి మఖమల్ లాంటి ఒళ్లున్న ఆ పురుగుకు ఎనిమిది కాళ్లు. అది కీటకం కాదు, సాలీళ్లకు చుట్టం. వానకు ఎన్ని రోజుల తర్వాత పైకి వచ్చిందో కూడా రాస్తే ఆ పేజీ బరువు పెరుగుతుంది.

ఇలాంటి తేదీల పేజీకి ఎంత విలువ రాగలదో ఇతరుల పేజీలు చూసి తెలుసుకున్నాను. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే ఆయన 1736లో తన చుట్టుపక్కల చెట్లు చిగురించిన తేదీలు, స్వాలోలు తిరిగొచ్చిన తేదీలు, కప్పలు అరవడం మొదలైన తేదీలు రాయడం ప్రారంభించారు. ఆయన తర్వాత ఆ కుటుంబం తరతరాలుగా 1958 దాకా కొనసాగించింది. అమెరికాలోని కాంకర్డ్‌లో రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1850ల్లో మొక్కలు పూచిన తేదీలు రాసుకున్నారు. నూటయాభై ఏళ్ల తర్వాత పరిశోధకులు అదే ఊళ్లో అవే మొక్కలను చూసి, సగటున ఒక వారం ముందుగా పూస్తున్నాయని తేల్చారు. రాసేనాటికి ఆ తేదీలతో వాతావరణ మార్పును కొలుస్తారని ఆయనకు తెలిసే అవకాశమే లేదు. దేనికి పనికొస్తుందో ముందే తెలిస్తేనే రాస్తానంటే ఏదీ రాయలేం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది తూనీగల కథ. మాల్దీవుల్లో ఉండే సముద్ర జీవశాస్త్రవేత్త చార్ల్స్ ఆండర్సన్ ఏటా అక్టోబరు వచ్చేసరికి అక్కడ తూనీగలు గుంపులుగా దిగడం గమనించారు. అవి పగడపు దీవులు. తూనీగలు గుడ్లు పెట్టడానికి కావలసిన మంచినీటి కుంటలు అక్కడ లేవనే చెప్పాలి. మరి ఇవన్నీ ఎక్కడివి? ఏటేటా అవి వచ్చిన తేదీలు రాస్తూ పోయారు. ఉత్తరాన ఉన్న చోట్ల ముందుగా, దక్షిణాన ఉన్న చోట్ల ఆలస్యంగా కనిపిస్తున్నట్టు తేలింది. భారతదేశం వైపు నుంచి గాలి వాలున హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వెళ్తున్నాయని, తర్వాతి తరాలు తిరిగి వస్తాయని 2009లో ఆయన ప్రతిపాదించారు. రానూపోనూ 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు. చేసేది గ్లోబ్ స్కిమ్మర్ అనే తూనీగ, పొడవు నాలుగైదు సెంటీమీటర్లు. వాన కురిసే కాలంలో మైదానాల మీద గుంపులుగా ఎగిరే ఆ పసుపు తూనీగలను మనలో చాలామంది చూసే ఉంటారు. ఆయన చేసిందల్లా అందరూ చూసినదానికి తేదీ వేయడం. నేను ఇప్పుడు ఆ తూనీగలు కనిపించిన ప్రతిసారీ ఏ వైపు ఎగురుతున్నాయో, గాలి ఏ వైపు వీస్తోందో కూడా రాస్తున్నాను.

రాయడానికి ఉన్నట్టే, రాయకుండా ఆగడానికీ పద్ధతి ఉంది. గూట్లో పిల్లలున్నప్పుడు దగ్గరికి వెళ్లి ఫోటో తీయను. మనం దారి చూపిస్తే వెనకాలే కాకి గానీ పిల్లి గానీ చేరుతుంది. రికార్డు చేసిన కూతను వినిపించి పక్షిని రప్పించడం కూడా చేయను. తన హద్దులోకి మరో పక్షి వచ్చిందనుకుని అది మేత మాని కంగారుపడుతుంది. రాయి ఎత్తి చూస్తే మళ్లీ ఎలా ఉన్నదలా పెట్టి రావాలి. దాని కింద ఉన్నవాటికి ఇల్లు అదే. అంతరించే ముప్పున్న జీవుల విషయంలో ఐనాచురలిస్ట్ కచ్చితమైన చోటును దాచి, అక్షాంశ రేఖాంశాల్లో 0.2 డిగ్రీల మేర గడిలో ఎక్కడో ఒక బిందువును మాత్రమే బయటికి చూపిస్తుంది. అది దాచినా ఫోటో వెనుక గుడి గోపురమో వంతెనో కనిపిస్తే దాచి లాభం లేదు. వేటగాళ్లకు, పట్టి అమ్మేవాళ్లకు అంత ఆనవాలు చాలు. అలాంటి ఫోటోల్లో నేపథ్యం కత్తిరించి పెడతాను. నక్షత్ర తాబేలు లాంటివి కనిపిస్తే ఎక్కడని ఎవరు అడిగినా చెప్పను.

ఈ మధ్య నా సమయమంతా పాత పుస్తకాల మీద పోతోంది. నావి కావు. పరిచయమున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చాలా ఏళ్ల క్రితం పక్షులను చూసి రాసుకున్న నోటుపుస్తకాలు. నేను ఇలా నమోదు చేస్తానని తెలిసి, అటక మీద నుంచి దింపి చూపించారు. గీతలు గీసి, గళ్లు వేసి, తేదీ, సమయం, చోటు, ఎన్ని పక్షులు అని పొందికగా రాసి ఉన్నాయి. పాత తేదీలతో కూడా జాబితాలు ఎక్కించే వీలు ఈబర్డ్‌లో ఉంది. అయితే చూసినవారి పేరు మీదే ఉండాలి కనుక ఆయన పేరుతోనే ఖాతా తెరిచాం. వారానికి ఒక సాయంత్రం ఆయన చదువుతారు, నేను ఎక్కిస్తాను.

కొన్ని పేజీల్లో పక్షి పేరు, చోటు ఉన్నాయి, తేదీ లేదు. “మాస్టారూ, ఇది ఏ ఏడాదిదో ఏమైనా గుర్తుందా?” అని అడిగాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. “గుర్తున్నట్టే ఉంది. కానీ గుర్తున్నట్టు ఉండటం వేరు కదా. దీన్ని వదిలెయ్యి. పక్క పేజీ చూడు, దానికి తేదీ ఉంది.”

పక్క పేజీలో గద్దలు, ఉడుతలు, చిలుకలతో పాటు కాకులు కూడా ఉన్నాయి. వాటి పక్కన సంఖ్య వేసి ఉంది. ఉడుతలను ఈబర్డ్‌లో పెట్టలేం కనుక ఆ రోజు వ్యాఖ్యలో చేర్చాను. ఆయనవి ఇంకా రెండు పుస్తకాలు మిగిలి ఉన్నాయి. మొదటిది మూడొంతులు అయింది.